కకిరిగుమ్మ పెరట్లో నెగడు

కకిరిగుమ్మకు పోవాలంటే మనవాళ్ళకు రెండు దారులున్నాయి. విశాఖపట్నం వైపు వాళ్ళు కొత్తవలస మీదుగా అరకు కొండలెక్కి కోరాపుట్‌లో దిగి, అక్కడ రాయగడ వైపు పోయే బండి పట్టుకోవచ్చు. విజయనగరం, బొబ్బిలి, పార్వతీపురం వాళ్ళు తిన్నగా రాయగడ చేరి, అక్కడినుంచి కోరాపుట్ బండి ఎక్కవచ్చు. నాకు రెండో దారే ఇష్టం. రాయగడ దాటిన కొంతసేపటికి సొరంగాలు మొదలవుతాయి. చీకటి, వెలుగు, మళ్ళీ చీకటి. వెలుగు వచ్చినప్పుడల్లా కింద ఒక లోయ, లోయలో చోడిచేలు, చేల పక్కన నాలుగైదు పెంకుటిళ్ళు కనిపించి మాయమవుతాయి. పిల్లలు సొరంగాలు లెక్కపెట్టడం మొదలుపెడతారు గాని, టికిరి వచ్చేసరికి లెక్క తప్పి పోట్లాడుకుంటారు. టికిరి, లక్ష్మీపూర్ రోడ్డు దాటితే కకిరిగుమ్మ. ఇంకా ముందుకు పోతే బైగుడా, దామన్‌జోడి.

ఈ రైలుమార్గం పూర్తి అయినది 1998 డిసెంబరు 31న. అంతకు ముందు ఈ ఊళ్ళలో కాపురాలు పెట్టిన మన పెద్దలు బస్సుల మీదా, చింతపండు లారీల మీదా వచ్చినవాళ్ళే. అసలు ఈ దేశం మనకు పరాయిది కాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యేదాకా ఈ కొండలన్నీ విశాఖపట్నం జిల్లాలోనే ఉండేవి. జయపూరు మహారాజు విక్రమదేవవర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చేసిన మేలు మన పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. 1992లో కోరాపుట్ జిల్లాను నాలుగు చేశారు. రాయగడ ఒకటైంది, కోరాపుట్ ఒకటైంది. కకిరిగుమ్మ కోరాపుట్ వాటాలో లక్ష్మీపూర్ బ్లాకులో ఉండిపోయింది. ఇక్కడి తెలుగువాళ్ళకు మాత్రం సరుకుకు రాయగడ, ఆస్పత్రికి కోరాపుట్, పెళ్ళి సంబంధాలకు పార్వతీపురం.

నేను గుడుల కోసం గాని, జలపాతాల కోసం గాని వెళ్ళలేదు. మా మేనత్తను చూడడానికి వెళ్ళాను. ఆమెకు ఎనభై ఒకటో ఏడు. ఆమె కొడుకు, నాకు బావ, అక్కడ కిరాణా దుకాణం నడుపుతున్నాడు. ఈ వ్యాసం ఆ ఇంటి పెరట్లో కట్టిన ఒక నెగడు గుంట గురించి, దాని ఖర్చు పద్దు గురించి. ఇదేమి యాత్రా విశేషం అని నవ్వుకోవద్దు. ఒక ఊరిని తెలుసుకోవాలంటే ఆ ఊళ్ళో చలి ఎలా కాచుకుంటారో చూస్తే చాలావరకు తెలుస్తుంది.

చలి సంగతి ముందు చెప్పాలి. కోరాపుట్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. ఒడిశాలోకెల్లా ఎత్తయిన దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, ఈ జిల్లాలోదే. వెయ్యి మీటర్లు పైకి పోతే ఆరేడు డిగ్రీలు చల్లబడుతుందని బడిపుస్తకంలో చదువుకున్నాం. కాని పుస్తకంలో లేనిది మబ్బులేని మార్గశిరమాసపు రాత్రి. పగలు ఎండ చురుక్కుమంటుంది. పొద్దు వాలగానే కొండమీది చలిగాలి లోయలోకి నీళ్ళలాగా దిగి అక్కడే నిలిచిపోతుంది. విశాఖపట్నంలో ఫ్యాను వేసుకుని పడుకున్నవాడు మర్నాడు రాత్రి ఇక్కడ రెండు రగ్గుల కింద ముడుచుకోవలసిందే.

ఈ చలికి మన భాషలో మందులు చాలా ఉన్నాయి. ఇంట్లో కుంపటి, వీధిలో చలిమంట, కళ్ళంలో నెగడు. చలిమంట ఎండుటాకులతో ఇట్టే లేచి ఇట్టే ఆరిపోతుంది. నెగడు అలా కాదు. దుంగలు పేర్చి, తెల్లవార్లూ కణకణలాడేటట్టు నిలిపే నిప్పు అది. కొండలమీది కోదులు, పరజలు, గదబలు ఈ విద్యలో మనకంటే చాలా ముందున్నారు. సాయంత్రం వాళ్ళ పల్లెల పక్కనుంచి నడిచి వెళ్ళండి. మూడు దుంగలు తలలు కలిపి పెట్టి ఉంటాయి. తలలు మాత్రమే కాలుతుంటాయి. కాలినకొద్దీ దుంగను కాలితో ముందుకు తోస్తారు. పెద్ద మంట ఉండదు, పొగ ఎక్కువ ఉండదు, కర్ర వృథా కాదు. చుట్టూ పదిమంది కూర్చుంటారు. పట్నంనుంచి వచ్చిన మనబోటివాళ్ళం ఒకేసారి అరమోపు కర్ర వేసి, మంట మొహానికి తగిలి, వీపు చలికి వణికి, ఇదేం నెగడు అని లేచిపోతాం.

మా అత్తయ్య ఇంట్లో చాలా ఏళ్ళుగా ఉన్నది కుంపటి. పొయ్యిలోని బొగ్గులు మట్టికుంపట్లో వేసుకుని, మంచం కింద పెట్టుకుని పడుకోవడం ఆమె అలవాటు. పాతింట్లో అది చెల్లింది. పెంకుల సందుల్లోంచీ తలుపు చీలికల్లోంచీ గాలి ఆడేది. తర్వాత బావ ఇల్లు స్లాబు చేయించాడు, కిటికీలకు అద్దాలు పెట్టించాడు, తలుపు గట్టిగా మూసుకునేటట్టు బిగించాడు. ఇల్లు బాగుపడింది, కుంపటి పాతదే ఉండిపోయింది. ఒక డిసెంబరు తెల్లవారుజామున కోడలు కాఫీ తెచ్చి తలుపు తీసేసరికి పెద్దావిడ లేవలేక, తలనొప్పి, వాంతి, మాట తడబాటు. కిటికీలన్నీ తెరిచి, ఆమెను అరుగుమీదకు మోసుకొచ్చి, ఆస్పత్రికి తీసుకుపోతే రెండు రోజుల్లో కోలుకున్నది. డాక్టరు చెప్పినది క్లుప్తంగా ఇది: బొగ్గు చాలినంత గాలి లేకుండా కాలితే కార్బన్ మోనాక్సైడు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. ప్రాణవాయువును మోసుకుపోయే రక్తంలోని ఎర్రపదార్థాన్ని అది ప్రాణవాయువుకంటే రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పొగ లేని ఎర్రటి బొగ్గులు క్షేమం అని మనవాళ్ళలో ఒక నమ్మకం ఉన్నది. మూసిన గదిలో అన్నిటికంటే నమ్మరానివి అవే.

మన ఇళ్ళలో ఇంకా కుంపట్లు వాడే పెద్దవాళ్ళు ఉన్నారు కనుక ఇంత విడమరిచి చెప్పాను. కాశ్మీరువాళ్ళు అల్లిక బుట్టలో మట్టికుండ పెట్టి, దానిలో నిప్పులు పోసుకుని, కాంగ్డీ అనే పేరుతో అంగరఖా కిందే పట్టుకు తిరుగుతారు. ఏళ్ళ తరబడి ఒకేచోట వేడి తగిలి తొడలమీదా పొట్టమీదా చర్మానికి పుండ్లు పడి, కొందరికి కేన్సరుదాకా పోతుందని వైద్యగ్రంథాలు చెబుతున్నాయి. ఒంటిని అంటిపెట్టుకున్న నిప్పు ఎక్కడైనా కాస్త భయపడవలసినదే.

కుంపటి తీసేద్దామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. "ఏట్రా అబ్బాయి, కుంపటి లేకపోతే నా కాళ్ళు కొంకర్లు పోవా? మీ మావయ్య పోయిన ఏడునుంచీ నాకు తోడు అదొక్కటే గదరా" అన్నది. ఆ మాటకు ఎవరం జవాబు చెప్పలేకపోయాం. విద్యుత్తు హీటరు తెచ్చారు. కరెంటు ఉన్నంతసేపు బాగానే ఉంది, కాని ఆమె దానివైపు వీపు తిప్పి కూర్చునేది. నిప్పంటే పదిమంది చుట్టూ చేరాలి, మాట్లాడుకోవాలి, ఏదో ఒకటి కాల్చుకు తినాలి. ఇనుప పెట్టెలో ఎర్రగా కనిపించే తీగతో ఏం మాట్లాడతాం? అప్పుడు కోడలే ఉపాయం చెప్పింది. నిప్పును గదిలోంచి పెరట్లోకి మార్చుదాం, అత్తయ్యను సాయంత్రం రెండు గంటలు అక్కడ కూర్చోబెడదాం, పడుకునేటప్పుడు వేడినీళ్ళ రబ్బరుసంచీ పక్కలో పెడదాం అన్నది. అత్తయ్య కొంచెం ఆలోచించి, "పెరట్లో అయితే ఎదురింటివాళ్ళు కూడా వస్తారు గదా" అన్నది. అదే ఒప్పుకోలు.

ఇక ఖర్చు దగ్గరికి వచ్చాం.

మా బావ పెద్దకొడుకు విశాఖపట్నంలో ఉద్యోగం. అతనికి ఫోనులో సంగతి చెప్పగానే బొమ్మలు పంపించాడు. అమెరికాలో మన పిల్లల ఇళ్ళలో పెరటినెగళ్ళు ఉంటాయి గదా, ఆ పద్ధతి. గుండ్రంగా రాతి అరుగు, నడుమ గిన్నె, కొన్నిటిలో కర్ర కూడా లేదు, మీట తిప్పితే గ్యాసు మంట. ఆ తరహాలో కట్టడానికి ఒక కాంట్రాక్టరు సిమెంటు పునాది, గ్రానైటు అంచు, కూర్చునే అరుగుతో సహా వేసిన అంచనా 38,000 రూపాయిలు. రెండో ఉపాయంగా రేకుగిన్నె ఒకటి 6,500కు తెప్పించవచ్చునన్నాడు. బావ కిరాణా వ్యాపారి. మొదటి అంకె విని కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. రెండో దానికి, "మన వానలకు ఈ రేకు ఎన్నాళ్ళు నిలుస్తుంది బావా?" అని నన్నడిగాడు. పల్చటి రేకు నిప్పుకు వంగుతుంది, వానకు తుప్పు పడుతుంది. జూన్ నుంచి అక్టోబరుదాకా తడిసే ఈ కొండలమీద రెండేళ్ళు నిలిస్తే గొప్ప.

ఊళ్ళో ఒక ముసలి మేస్త్రీ ఉన్నాడు. బొబ్బిలి వైపు మనిషి, ఇక్కడే స్థిరపడ్డాడు. ఆయన వచ్చి పెరడంతా నడిచి, గాలి ఎటు వీస్తున్నదో చూసి, పశువులపాకకు ఇరవై అడుగుల దూరంలో, పనసచెట్టు కొమ్మలు పైన లేనిచోట కర్రతో వృత్తం గీశాడు. పాకమీద గడ్డి ఉంది. ఫాల్గుణంనుంచి ఈ కొండల్లో ఆకు, గడ్డి అంతా ఎండి ఉంటుంది గనుక ఒక్క నిప్పురవ్వ చాలు. నూతినుంచి కూడా దగ్గరే ఉండాలన్నాడు. నెగడు పక్కన ఎప్పుడూ ఒక బిందె నీళ్ళు, ఒక తట్ట ఇసుక ఉండాలన్నది ఆయన పెట్టిన మొదటి షరతు.

రాళ్ళ విషయంలో ఒక పాఠం జరిగింది. పిల్లలు గెడ్డలోంచి నున్నటి గుండ్రాళ్ళు ఏరుకొచ్చారు. చూడముచ్చటగా ఉన్నాయి. మేస్త్రీ వాటిని పక్కకు దొర్లించేశాడు. నీళ్ళలో నానిన రాయి కడుపులో తడి ఉంటుంది. వేడెక్కితే ఆ తడి ఆవిరి అయి, బయటికి దారిలేక రాయిని పేల్చేస్తుంది. ముక్క కంటికి తగిలితే అంతే. మన తూర్పుకనుమల్లో విరివిగా దొరికే రాయికి భూగర్భశాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఖోండలైటు. ఈ కొండల కోదుల పేరుమీదనే 1902లో వాకర్ అనే ఆయన ఆ పేరు పెట్టాడు. కోణార్క, పూరీ గుడులకు వాడినది ఈ జాతి రాయే. చెక్కడానికి అనువైనది గాని, దీనిలో ఉండే పలుగురాయి నిప్పులో ఉబ్బి పగులు తెస్తుంది. కాబట్టి రాయి బయటివైపుకు మాత్రమే, లోపలివైపు ఇటుక అని తేల్చారు.

ఇటుకలోనూ ఒక తిరకాసు ఉన్నది. చిన్నకొడుకు బూడిదఇటుకలు, అంటే ఫ్లైయాష్ ఇటుకలు, ఒక్కొక్కటి 6 రూపాయిలకు వస్తాయన్నాడు. ఎర్రఇటుక 9 రూపాయిలు. ఎనభై ఇటుకలకు 240 రూపాయిలు మిగులు. కాని ఎర్రఇటుక బట్టీలో తొమ్మిదివందల, వెయ్యి డిగ్రీల వేడిలో కాలి వచ్చినది. నిప్పంటే దానికి పుట్టిల్లు. బూడిదఇటుక కాల్చినది కాదు, సున్నమో సిమెంటో పట్టి గట్టిపడినది. నిత్యం నిప్పు తగిలితే పొడిపొడిగా రాలిపోతుంది. సిమెంటు మాలూ అంతే, నాలుగైదువందల డిగ్రీలకు దాని పట్టు సడలుతుంది. అందుకని పుట్టమన్ను, ఇసుక, కొంచెం ఊక, బూడిద కలిపి తొక్కిన మట్టితోనే కట్టారు. మట్టికి ఖర్చు లేదు, పక్క చేనులో పుట్ట ఉన్నది. పాము ఉన్నదేమోనని ఒకరోజు ఆగి, పాడుపడిన పుట్టే అని నిశ్చయించుకుని తవ్వారు.

నిప్పుకు తట్టుకునే ప్రత్యేకమైన ఇటుకలు కావాలా అని నేనడిగాను. ఇక్కడ ఒక తమాషా ఉంది. కొలిమిఇటుకలకు వేడి తట్టుకునే శక్తినిచ్చే వాటిలో అల్యూమినా ముఖ్యమైనది. అది రెండువేల డిగ్రీలు దాటితే గాని కరగదు. ఆ అల్యూమినా కొండలు కొండలుగా తయారయ్యేది ఈ లైనుమీదనే, దామన్‌జోడిలో. 1981లో స్థాపించిన నాల్కో సంస్థ పంచపత్‌మాలి కొండమీది బాక్సైటు తెచ్చి అక్కడ శుద్ధి చేస్తున్నది. ఆ తెల్లటి పొడి కొంత అంగుల్‌కు, కొంత విశాఖపట్నం రేవుకు పోతుంది. ఇంత దగ్గర ఉన్నా మనకు దాని అవసరం లేదు. కర్రనిప్పుకు ఎర్రఇటుక చాలు.

గుంట లోపలి అడ్డం మూడడుగులు. చుట్టుకొలత సుమారు తొమ్మిదిన్నర అడుగులు. ఇటుక పొడవు తొమ్మిదంగుళాలు గనుక వరసకు పన్నెండు, మొత్తం అయిదు వరసలు, అంటే అరవై. విరిగేవీ తరిగేవీ కలుపుకుని ఎనభై కొన్నారు. రెండు వరసలు నేలలోపల, మూడు పైన. నేలమట్టానికి పైన ఉన్న మొదటి వరసలో నాలుగు దిక్కులా ఒక్కొక్క సందు వదిలారు, గాలి పీల్చుకోవడానికి. అడుగున ఇటుక పరవలేదు. కంకర, దానిమీద ఇసుక, వాన నీరు దిగిపోవడానికి. బయట చుట్టూ పాతగోడ కూలగొట్టినప్పుడు మిగిలిన రాళ్ళు పేర్చారు. బావ తన దుకాణం చిట్టాలో రాసుకున్న పద్దు ఇది: ఇటుకలు 720, మేస్త్రీకి ఒకటిన్నర రోజు కూలి 1,200, సాయం మనిషికి 675, కంకర ఇసుకలకు 300, కమ్మరి చేసిన ఇనుపజల్లెడకు 900, వానాకాలం మూతకు పాత డ్రమ్ము రేకు 250, పనివాళ్ళ టీలకూ భోజనానికీ 155. వెరసి 4,200 రూపాయిలు. కాంట్రాక్టరు అంచనాలో తొమ్మిదో వంతుకు కొంచెం తక్కువ.

ఇక్కడితో ఆపితే ఇది సామాన్యమైన పొదుపు కథ. చిట్టాలో తర్వాతి పుట తిప్పినది అత్తయ్య. "గుంట ఒకసారి కడతారు. కర్ర రోజూ కావాలి. దాని లెక్క ఏదిరా?" అన్నది.

లెక్క వేశాం. కార్తీకం నడిమినుంచి శివరాత్రి దాకా అనుకుంటే సుమారు నూరు సాయంత్రాలు. రోజుకు రెండు గంటలు, గంటకు మూడు కిలోల కర్ర. రోజుకు ఆరు, మొత్తం ఆరువందల కిలోలు. కొండమీదినుంచి ఆడవాళ్ళు నెత్తిన తెచ్చే మోపు ఇరవై కిలోలనుకుంటే ముప్పై మోపులు. మోపు 120 రూపాయిల చొప్పున 3,600. గుంట ఖర్చులో ఏడింట ఆరు వంతులు ఒక్క శీతకాలానికే అయిపోతుంది. అయిదేళ్ళకు 18,000. ఇటుకల దగ్గర మూడేసి రూపాయిలకు తర్జనభర్జన పడిన మనం అసలు ఖర్చును చూడనే లేదు. ఇల్లు, బావి, మోటారు, ఏది పెట్టించుకున్నా ఇలాగే జరుగుతుంది కాబోలు. కట్టే ఖర్చు కనిపించినట్టు నడిపే ఖర్చు కనిపించదు.

కాని అత్తయ్య అడిగినది డబ్బు గురించి మాత్రమే కాదని మర్నాడు తెలిసింది.

ఉదయం ఏడుకల్లా కర్రలు తెచ్చే మనిషి వచ్చింది. కోదు స్త్రీ, ముప్పై అయిదేళ్ళుంటాయి. అత్తయ్య ఆమెతో దేశియా భాషలో మాట్లాడుతుంది. కోరాపుట్ కొండల్లో అందరికీ ఉమ్మడిభాష అది. ఆమె ఇంట్లో మాట్లాడేది కువి. మన తెలుగుకు దూరపు చుట్టమే అది. గోండీ, కుయి, కువి, కొండ మొదలైన భాషలు తెలుగుతో ఒకే శాఖకు చెందినవని భాషాశాస్త్రజ్ఞులు తేల్చారు. మన భద్రిరాజు కృష్ణమూర్తిగారు కొండభాషమీద 1969లో ఒక పెద్ద గ్రంథమే ప్రచురించారు. వాకిట్లోకి మోపుతో వచ్చిన మనిషి మాట మన మాటకు చుట్టమని తెలిస్తే బేరం ఆడే నోరు కొంచెం తగ్గుతుంది.

ఆమె చెప్పిన సంగతులు ఇవి. పదేళ్ళ కిందట అరగంట నడిస్తే ఎండుకర్ర దొరికేది. ఇప్పుడు పోను రాను ఒక పూట పడుతున్నది. రైల్లో వస్తూ చూశాను, లక్ష్మీపూర్ ఇవతల కొన్ని కొండలు బోడిగుండుల్లాగా ఉన్నాయి. పోడు కొంత, కలప కొంత, కారణం ఏదైనా నడవవలసినది మాత్రం ఈమె. చలికాలంలో అందరూ ఒక్కసారి కర్ర అడుగుతారు. అంత ఎండుకర్ర ఎక్కడనుంచి వస్తుంది? పచ్చికొమ్మలు నరకవలసి వస్తుంది. పచ్చికర్ర బరువు ఎక్కువ, మెడ లాగేస్తుంది. కొన్నవాళ్ళు పొగ వస్తున్నదని తిడతారు, ధర తగ్గిస్తారు. నరికినందుకు అడవి గార్డు అడుగుతాడు. మూడువైపులా నష్టం ఆమెకే. రాలిన చిదుగులు, ఎండుపుల్లలు ఏరుకోవడంలో తప్పులేదు. 2006 నాటి అటవీహక్కుల చట్టం చిదుగులను కూడా చిన్న అటవీ ఫలసాయంలో చేర్చింది. పచ్చిచెట్టు కొట్టడం వేరు.

పచ్చికర్ర కొన్నవాడికి కూడా నష్టమే. అప్పుడే నరికిన కర్ర బరువులో సగం దాకా నీళ్ళుంటాయి. నిప్పు ముందు ఆ నీళ్ళను ఆవిరి చేయాలి, తర్వాత మనకు వేడి ఇవ్వాలి. బాగా ఎండిన కిలో కర్ర ఇచ్చే వేడిలో పచ్చిది ఇచ్చేది సగానికి కొంచెం ఎక్కువ. అంటే 120 రూపాయిల మోపులో దగ్గర దగ్గర యాభై రూపాయిలు నీళ్ళకు పోస్తున్నామన్నమాట, పైగా కళ్ళు మండే పొగ అదనం.

అత్తయ్య కొంతసేపు చీరకొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చున్నది. ఒకప్పుడు ఈ వాకిట్లోనే మోపుకు పావలా తగ్గించమని అరగంట బేరమాడిన మనిషి ఆమె. నేను చిన్నప్పుడు చూశాను. ఆ రోజు ఆమె బేరమాడలేదు. కొడుకును పిలిచి, ముప్పై మోపులు చలికాలంలో కాక ఎండాకాలంలోనే కొందామన్నది. రాలిన ఎండుకర్ర మాత్రమే, వీలున్నప్పుడు, తొందర లేకుండా తెచ్చివ్వాలి. మోపు 140. సగం డబ్బు ముందు. బావ ముఖం చూస్తే అతని మనసులో లెక్క నడుస్తున్నదని తెలిసిపోయింది. ముప్పై మోపులకు ఇరవయ్యేసి ఎక్కువ, అంటే 600 రూపాయిలు. అంతా కలిపి 4,200. గుంటకు ఎంత అయిందో కర్రకూ సరిగ్గా అంతే. "అమ్మా, వ్యాపారం నేను చేస్తున్నానా, నువ్వు చేస్తున్నావా?" అన్నాడు. "నువ్వు ఉప్పూ పప్పూ అమ్ము. ఇది నా నెగడు" అన్నది అత్తయ్య.

కర్రలామె ఒప్పుకుంది గాని ఒక మార్పు అడిగింది. చైత్రంలో ఇప్పపూలు ఏరుకోవాలి, అప్పుడు కర్రకు రాలేదు. ఫాల్గుణంలో కొంత, వైశాఖంలో కొంత తెస్తానన్నది. సగం డబ్బు 2,100 ఒక్కసారి వద్దు, రెండుసార్లుగా ఇవ్వమన్నది. ఇంట్లో ఒక్కసారి పెద్ద మొత్తం కనిపిస్తే నిలవదని నవ్వింది. ఎందుకు నిలవదో అడగవలసిన పని లేదు, ఆడవాళ్ళిద్దరూ ఒకరినొకరు చూసుకుని ఊరుకున్నారు.

ఇదంతా మంచి ఏర్పాటే అయినా, అడవికి మేలు చేశామని గొప్ప చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. అవసరానికి మించిన నిప్పు ఎంత పొదుపుగా కాల్చినా కర్ర కర్రే. ఆ ఇంట్లో వంటకు చాలాకాలంగా గ్యాసే. 2016లో ఉజ్వల పథకం వచ్చాక కొండపల్లెలలోకి కూడా సిలిండరు వెళ్ళింది గాని, రెండోసారి నింపించుకోవడానికి డబ్బు చాలక పక్కన పెట్టినవాళ్ళను నేను చూశాను. వాళ్ళకు కర్ర వంటచెరుకు. మనకు కర్ర సాయంకాలపు సుఖం. ఈ రెండూ ఒకే కొండమీదినుంచి రావాలి. అందుకని బావ ఇంకో పని కూడా చేశాడు. పెరటి కంచె వెంబడి సరుగుడు, సుబాబుల్ మొక్కలు నలభైదాకా నాటించాడు. నాలుగైదేళ్ళకు కొంత కర్ర ఇంట్లోనే వస్తుంది. నీలగిరి మొక్కలు మాత్రం వద్దన్నాడు మేస్త్రీ. దాని నూనెకు నిప్పురవ్వలు చిటపటమని ఎగురుతాయి, పాకమీది గడ్డి సంగతి మరిచిపోకండి అన్నాడు.

ఆ మోపులన్నీ పాకకు ఎడంగా, చిన్న రేకుచూరు కింద, నేలకు తగలకుండా రాళ్ళమీద అడ్డకర్రలు వేసి పేర్చారు. కింద గాలి ఆడితేనే కర్ర ఎండుతుంది, చెదలు కూడా పట్టదు.

కార్తీకపౌర్ణమి దాటాక నెగడు వెలిగించారు. అప్పుడు నేను మళ్ళీ వెళ్ళాను. అత్తయ్య కుర్చీ గాలికి ఎదురువైపు, పొగ తగలనిచోట. కోదులలాగా మూడు దుంగలు తలలు కలిపి పెట్టడం చిన్నకొడుకు నేర్చుకున్నాడు, కర్ర కలిసి వస్తున్నది. ఎదురింటి ఒడియా దంపతులు, స్టేషనులో పనిచేసే ఒక తెలుగు కుర్రవాడు, మేస్త్రీ, పిల్లలు. బూడిదలో చిలగడదుంపలు. ఒడియా ఇల్లాలు పుష్యపున్నమి పండుగ సంగతులు చెబితే అత్తయ్య భోగి సంగతులు చెప్పింది. ఇద్దరి పండుగలలోనూ నిప్పు ఉన్నది, కొత్త ధాన్యం ఉన్నది, పిల్లలు పాత కర్రసామాను ఎత్తుకుపోవడం కూడా ఉన్నది. తొమ్మిది కొట్టేసరికి దుంగలు విడదీసి, ఇసుక కప్పి, పైన నీళ్ళు చల్లి, చేతివెనుకభాగం దగ్గరగా పెట్టి వేడి లేదని చూసుకున్నాకనే అందరూ లేచారు. కుంపటి మాత్రం అత్తయ్య పారేయనివ్వలేదు. దానిలో మట్టి నింపి తులసిమొక్క వేసింది.

భోగినాటికి పదహారు మోపులు అయ్యాయి. ముసురు పట్టిన రోజుల్లో వెలిగించలేదు, ఎదురింటివాళ్ళు కూడా అప్పుడప్పుడు రెండు దుంగలు తెచ్చారు, అందుకని లెక్కకంటే రెండు మోపులు తక్కువే అయ్యాయి. పద్నాలుగు మోపులు చూరుకింద ఉన్నాయి. శివరాత్రిదాకా సరిపోతాయని అత్తయ్య అంటుంది. బావ మాత్రం రాబోయే ఏటికి మొదటి విడత 1,050 రూపాయిలు అప్పుడే కాగితంలో చుట్టి, దుకాణం గల్లాపెట్టెలో వేరుగా పెట్టాడు.